కుళాయి వచ్చింది, మురుగు ఎటు పోవాలి?

ఇంటింటికీ కుళాయి ఇచ్చే జల్ జీవన్ మిషన్ పథకం పెట్టుకున్న లెక్క మనిషికి రోజుకు 55 లీటర్లు. తాగడానికి, వంటకి పోయేది అందులో కొద్దే. స్నానం చేసినవి, బట్టలుతికినవి, అంట్లు తోమినవి కలిపి నూటికి 65 నుంచి 80 వంతుల నీరు మళ్ళీ ఇంటి బయటికి వచ్చేస్తుంది. వెయ్యి మంది ఉన్న ఊరికి రోజుకు సుమారు 40 వేల లీటర్లు. నూతిలో చేద వేసి తోడుకున్న రోజుల్లో ఈ నీరు పెరట్లో అరటి మొదలు దాటేది కాదు. ఇప్పుడు సిమెంటు కాలువ పట్టుకుని ఊరి పల్లానికి, అక్కణ్ణించి చెరువులోకో గెడ్డలోకో దిగుతోంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా ఊళ్ళ కథ ఇదే. కాలువ ముందు కట్టేశారు, దాని చివర ఏముండాలో ఇప్పుడు ఆలోచిస్తున్నారు.

ఆ వరస తిరగెయ్యాలి. నేల తాగినంత నీరు ఇంటి దగ్గరే ఇంకించాలి. నేల తాగని చోట, పెరడు లేని చోట మిగిలిపోయిన నీటికే కాలువ కావాలి. ఆ కాలువ చివరే నీటిని శుద్ధి చేసే గుంటలు. ఇలా చేస్తే ఊరి చివర కట్టాల్సింది సగానికి తగ్గిపోతుంది, రేపు బాగుచేసుకోవాల్సిందీ తగ్గుతుంది.

ఇదంతా కంపు గురించే అనుకుంటే పొరపాటు. ఈ రెండు జిల్లాలూ బోదకాలుకు పాత చిరునామాలు. ఆ పురుగును మోసే క్యూలెక్స్ దోమకి మంచినీళ్ళు అక్కర్లేదు, కదలని మురుగే ఇష్టం. ఎండల్లో దాని గుడ్డు దోమై ఎగరడానికి వారం పది రోజులు చాలు. కాలువలో నీరు వారం నిలవకుండా చూడటమే అసలైన దోమల మందు, పొగ కొట్టడం ఆ తర్వాతి మాట. రెండోది మంచినీటి గొట్టం. ఊళ్ళో నీళ్ళు పొద్దున గంట, సాయంత్రం గంట వదులుతారు. ఆపగానే గొట్టం ఖాళీ అవుతూ లోపలికి గాలి పీల్చుకుంటుంది. సరిగ్గా అక్కడ గొట్టం మురుగు కాలువలోంచి దాటుతూ, దాని అతుకు కాస్త వదులై ఉంటే, గాలి బదులు మురుగునే పీలుస్తుంది. మర్నాడు మొదటి బిందె పట్టేవాళ్ళకి వచ్చేది అదే. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారంతో ప్రాణాలు పోయాక కూడా కాలువలో మునిగి ఉన్న సర్వీసు పైపులను చూసీ చూడనట్టు వదిలేయడం తగదు. పంచాయతీ ఏ పనీ మొదలెట్టక ముందే ఊరంతా తిరిగి, పైపు కాలువని దాటే ప్రతి చోటా దాన్ని పైకి లేపించి, ఇంకో పెద్ద పైపు తొడుగులోంచి దాటించాలి. చివరి కుళాయి దగ్గర క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా ఉందో లేదో చూడాలి.

ఇక నీటి కొలత. కాగితం లెక్క 40 వేల లీటర్లంటే, కాలువ చివర నిజంగా వచ్చేది 25 వేలు కావచ్చు, 60 వేలూ కావచ్చు. కాలువకి అడ్డంగా మట్టికట్ట వేసి, అందులో ఒక పైపు ముక్క పెట్టి, దాని కింద 15 లీటర్ల బకెట్ ఉంచి, నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోవాలి. పది సెకన్లలో నిండితే సెకనుకు ఒకటిన్నర లీటర్లు. పొద్దున ఆరు నుంచి ఎనిమిది మధ్య, మిట్టమధ్యాహ్నం, రాత్రి పది తర్వాత కొలవాలి. అర్ధరాత్రి కూడా ధార బాగా వస్తోందంటే అది మురుగు కాదు, తిప్పు ఊడిపోయిన కుళాయిలు. ముందు వాటికి తిప్పులు బిగించండి. అంతకంటే చవకైన శుద్ధి కేంద్రం ఇంకోటి లేదు.

ఇంటి దగ్గర ఇంకుడు గుంటకి అసలు ప్రశ్న నేల ఎంత తాగుతుందన్నదే. గుంట పక్క గోడ చదరపు మీటరుకు రోజుకు ఇసుక నేల 50 లీటర్లు, గరప నేల 30, ఒండ్రు కలిసిన నేల 20, బంక నేల 10 లీటర్లు తాగుతుందని ఇంజనీర్లు లెక్క వేస్తారు. కొత్త గుంట ఇంతకంటే ఎన్నో రెట్లు తాగుతుంది. మురుగు జిగురు గోడలకి పట్టాక, ఏళ్ళ తరబడి నిలబడే అంకెలు ఇవి. అయిదుగురున్న ఇంటికి రోజుకు 200 లీటర్లు అనుకుంటే ఉద్దానం ఇసుకలో 4 చదరపు మీటర్ల గోడ చాలు. విజయనగరం వైపు ఎర్ర గరపలో దాదాపు 7 కావాలి. రేగడి బంకలో 20 కావాలి, అంటే అక్కడ ఇంకుడు గుంట మాట మర్చిపోవడమే మేలు.

ఊరూరా తవ్విన మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు గుంటకి గోడ మొత్తం 4 చదరపు మీటర్లు. సోంపేట ఇసుకలో చక్కగా పనిచేసింది గజపతినగరం ఎర్ర మట్టిలో ఆరు నెలలకే పొంగిపోయిందంటే మేస్త్రి తప్పేమీ లేదు. రెండు నేలలకీ ఒకే కొలత ఇచ్చిన కాగితానిదే తప్పు.

నేల సంగతి తేల్చుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. గుంట తవ్వబోయే చోట, గుంట అడుగు వచ్చే లోతున, నాలుగైదు అంగుళాల వెడల్పు బొరియ చేసి రాత్రంతా నీళ్ళు పోసి నానబెట్టాలి. పొద్దున ఆరంగుళాలు నీళ్ళు నింపి, మట్టం ఒక అంగుళం దిగడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చూడాలి. అరగంట లోపు దిగితే గుంట వేసుకోవచ్చు. అరగంట నుంచి గంట పడితే గుంట బదులు పొడుగాటి కందకం తవ్వి, రాళ్ళు నింపి, చిల్లుల పైపు పరచాలి. గంట దాటితే ఆ నీటిని కాలువకే పంపాలి. మే నెలలో ఈ పరీక్ష చేస్తే నేల అబద్ధం చెప్తుంది. భాద్రపదం, ఆశ్వయుజాల్లో చేసిందే నమ్మాలి.

ఎర్ర నేలకి సరిపోయే గుంట ఇలా ఉంటుంది. నాలుగున్నర అడుగుల వ్యాసంతో ఆరడుగుల లోతు తవ్వాలి. లోపల మూడడుగుల వ్యాసం ఉన్న సిమెంటు వరలు, ఒక్కోటి అడుగు ఎత్తువి, ఆరు దింపాలి. కింది అయిదూ చిల్లుల వరలు, వాటి మధ్య సిమెంటు పెట్టకూడదు. పైది గట్టి వర, అతుకు సిమెంటుతో మూసేయాలి. వరకీ మట్టికీ మధ్య మిగిలిన ఏడెనిమిది అంగుళాల సందులో 40 ఎంఎం మెటల్ (కంకర రాయి) గానీ బాగా కాలిన ఇటుక ముక్కలు గానీ నింపాలి. ఈ సందు అలంకారం కాదు. మూడడుగుల గుంటకి అయిదడుగుల లోతులో గోడ 4.4 చదరపు మీటర్లే. నాలుగున్నర అడుగులు తవ్వి సందు నింపితే అదే లోతుకి 6.6 వస్తుంది. ఎర్ర నేలలో 200 లీటర్లు ఇంకడానికి దాదాపు అంతే కావాలి. పైన మూత పలక రెండు ముక్కలుగా, కొక్కేలతో పోయించండి. ఒకే ముక్క పలకని ఇద్దరు ఆడవాళ్ళు ఎత్తలేరు, ఎత్తలేని మూత కింద గుంటని ఎవరూ శుభ్రం చేయరు. మూత చుట్టూ మట్టి గుబ్బగా పోయాలి, లేకపోతే చూరు నీళ్ళన్నీ అందులోకే దిగుతాయి.

లోపల రాళ్ళు నింపొద్దు. రాళ్ళు నింపిన గుంట కట్టడానికి చవక, పూడుకుపోయాక మాత్రం రాళ్ళన్నీ బయటకి తీసి కడిగి మళ్ళీ వేయాలి. ఆ పని చేసిన ఇల్లు అరుదు. ఖాళీ వరలైతే ఏడాదికోసారి ఎండలప్పుడు అడుగు బురదని పైనుంచే పొడుగు కర్ర పారతో లాగేయొచ్చు.

గుంట ముందు పూడిక తొట్టె లేకపోతే పైన చెప్పినదంతా వృథా. ఒకటిన్నర అడుగుల చదరం, రెండడుగుల లోతు, లోపల గచ్చు. నీరు వచ్చే పైపు కంటే బయటికి పోయే పైపు రెండంగుళాలు కిందికి ఉండాలి, దాని కింద కనీసం తొమ్మిది అంగుళాల జాగా బురద కోసం వదలాలి. బయటికి పోయే 75 ఎంఎం పైపు నోటికి ఎల్బో తొడిగి, మూతి కిందికి తిప్పి నీళ్ళలో మునిగేలా పెట్టాలి. అప్పుడు పైన తేలే నూనె, సబ్బు నురగ, వెంట్రుకలు తొట్టెలోనే ఆగిపోతాయి. ఎల్బో ఖరీదు ఏపాటిది, కానీ మేస్త్రిలు మానేసేది దాన్నే. అంట్లకి బూడిద వాడే ఇళ్ళలో తొట్టె వారానికోసారి తీయాలి, సబ్బు వాడే ఇళ్ళలో పదిహేను రోజులకి సరిపోతుంది. పశువుల శాల కడిగిన నీళ్ళు ఇందులోకి రానీయొద్దు, అవి పెంటకుప్పకే పోవాలి. పలాస వైపు ఇంట్లోనే జీడిపిక్కలు కొట్టేవాళ్ళు ఆ తొక్కలు కడిగిన నీళ్ళని కూడా వేరుగా పెట్టుకోవాలి. చేతిని కాల్చే ఆ నూనె గుంటలో మురుగును తినే సూక్ష్మజీవులను బతకనివ్వదు.

తాగునీటి నూతికి, చేతిపంపుకి 15 మీటర్ల దూరం, వానాకాలపు నీటి మట్టానికి గుంట అడుగు మీటరున్నర పైన. ఇసుక నేలల్లో ఇక్కడే జాగ్రత్త కావాలి. కవిటి, వజ్రపుకొత్తూరు వైపు ఇసుక ఎంత నీరు పోసినా తాగుతుంది, కానీ వడకట్టకుండానే కిందికి వదిలేస్తుంది. అక్కడ లోతు తగ్గించి వెడల్పు పెంచాలి. మరుగుదొడ్డి గుంటయితే అడుగు గచ్చు చేసి, చుట్టూ అర మీటరు మందాన సన్నటి ఇసుక పోయాలి. ఉద్దానం కిడ్నీ జబ్బుకి కారణం ఇంకా తేలలేదు, దాన్ని మురుగు నెత్తిన పెట్టేయక్కర్లేదు. కానీ లోతు తక్కువ బోర్లు తాగే చోట ఈ దూరాల విషయంలో బేరం ఆడకూడదు.

అన్నిటికంటే పెద్ద గొడవ సెప్టిక్ ట్యాంకు పైపు. ట్యాంకు కట్టి, దాని ఊట పైపును వీధి కాలువలోకి వదిలేస్తారు. అక్కడితో అది స్నానాల నీటి కాలువ కాదు, దొడ్డి కాలువ. పదిళ్ళ పైపులు కలిస్తే చాలు, ఊరంతటి నీటికీ పాయఖానా నీటికి చేసే శుద్ధే చేయాలి. దీనికి మందు చిన్నదే. చెంబుతో నీళ్ళు పోసుకునే మరుగుదొడ్డికి మనిషికి రోజుకు పది లీటర్లకు మించదు. అయిదుగురికి 50 లీటర్లు, ఎర్ర నేలలో రెండు చదరపు మీటర్ల గోడ కూడా అక్కర్లేదు. ట్యాంకు పక్కనే మూడు వరల గుంట వేసి పైపును అటు తిప్పితే సరి. దానితో పాటు స్నానాల గది నీళ్ళు ట్యాంకులోకి పోకుండా విడదీయాలి. స్నానాల నీళ్ళు పడితే ట్యాంకులో తేరుకోవాల్సిన మలం తేరుకోక ముందే బయటికి కొట్టుకొస్తుంది. ట్యాంకులోకి మనిషి దిగడం మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు. చట్టం 2013లోనే నిషేధించింది, పైగా లోపలున్న విషవాయువు మొదటి మనిషిని, అతన్ని కాపాడ్డానికి దిగిన రెండో మనిషిని కూడా తీసుకుపోతుంది. మూత తీసి గంట ఆగితే గాలి పోతుందన్నది ప్రాణం తీసే నమ్మకం.

ఇప్పుడు కాలువ చివరికి వద్దాం. కాలువ అడుగు బల్లపరుపుగా ఉంటే పల్చటి ధార వెడల్పంతా పరుచుకుని మట్టి దించేస్తుంది. అడుగున సగం కోసిన ఆరంగుళాల పైపు ముక్క పరిచినట్టు గుండ్రంగా గచ్చు చేయించి, 200 అడుగులకి ఒక అడుగు వాలు ఇస్తే అదే నీరు మట్టిని మోసుకుపోతుంది. చివర్న కడ్డీల జల్లెడ పెట్టాలి. 10 ఎంఎం కడ్డీలు, మధ్య 25 ఎంఎం సందు, నీటి వాలుకి 45 నుంచి 60 డిగ్రీల వంపు. సందు ఇంకా తగ్గిస్తే షాంపూ ప్యాకెట్లు అడ్డంపడి ఒక్కపూటలో నిండిపోతుంది, నీరు రోడ్డెక్కుతుంది, ఎవరో విసుగొచ్చి జల్లెడే పీకేస్తారు. పక్కనే చిల్లుల పలక ఒకటి ఉంటే గోకి తీసిన చెత్త దాని మీద ఆరుతుంది. చెత్త రిక్షా అక్కడిదాకా రాగలగాలి.

జల్లెడ దాటాక పూడిక తొట్లు, ఒకటి కాదు, పక్కపక్కనే రెండు. ఒక్కోటి రెండు మీటర్ల పొడవు, రెండడుగుల వెడల్పు, మొత్తం లోతు మూడడుగులు, అందులో అడుగున్నర బురదకి. ఒకదానికి పలక అడ్డం వేసి ఆరబెట్టి తీస్తుంటే రెండోది నడుస్తుంది. ఒక్క మనిషి గట్టు మీద నిలబడి పారతో తీయగలిగినంత లోతే ఉండాలన్నది ఇక్కడి సూత్రం. ఊరి మురుగు పథకాలు చెడేది గుంటల దగ్గర కాదు, ఈ తొట్ల దగ్గరే. ఇక్కడ తీయని ప్రతి బొచ్చె మట్టీ గుంటలోకి చేరుతుంది, గుంటలోంచి తీయాలంటే యంత్రం కావాలి.

తొట్ల కంటే ముందు ఇంకో ఏర్పాటు ఉండాలి, మన జిల్లాల్లో ఇది తప్పనిసరి. అయిదెకరాల ఊరి మీద ఒక్కరోజు 100 మిల్లీమీటర్ల వాన పడి, అందులో నూటికి 60 వంతులు కాలువల్లోకి వచ్చిందనుకుంటే 12 లక్షల లీటర్లు. నెల్లాళ్ళ మురుగు ఒక్కరోజులో వచ్చిపడినట్టు. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. ఈ నీరంతా గుంటల్లోకి దూరితే గట్లు తెగుతాయి, పచ్చటి నీరు మొత్తం కొట్టుకుపోతుంది. అందుకని కాలువలోంచి తొట్లలోకి 110 ఎంఎం పైపు ఒక్కటే పెట్టాలి. వందకు ఒకటి వాలులో అది సెకనుకు అయిదు లీటర్లకు పైగా మోస్తుంది. వెయ్యి మంది ఊరికి పొద్దుటి రద్దీలో కూడా వచ్చేది రెండు లీటర్లే. పైపు నెత్తికి నాలుగంగుళాల పైన కాలువ పక్కగోడను కోసేస్తే, వాన నీరు దాని మీదుగా పొర్లి గెడ్డలోకి తన దారిన పోతుంది.

గుంటలు మూడు. మొదటిది రెండున్నర మీటర్ల లోతు, రెండు రోజుల నీరు పట్టేది, అంటే 80 వేల లీటర్లు. ఇందులో బురద దిగుతుంది, గాలి లేకుండా కుళ్ళుతుంది. రెండోది అసలు పని చేసేది. బీవోడీ, అంటే మురుగును కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు పీల్చే ప్రాణవాయువు లెక్క, లీటరుకు 200 మిల్లీగ్రాములనుకుంటే 40 వేల లీటర్లకి రోజుకు 8 కిలోల భారం. మన అక్షాంశం 18 డిగ్రీల పైన, ఇక్కడి ఎండకి హెక్టారుకు రోజుకు 260 కిలోల వరకు ఆల్గే (నీటిని పచ్చగా చేసే, కంటికానని మొక్కలు) మోయగలదు. ఆ లెక్కన 300 చదరపు మీటర్లు, అంటే ఏడున్నర సెంట్లు కావాలి. మొదటి గుంట సగం భారం తీసేస్తుంది కాబట్టి రెండోదాన్ని సగానికి తగ్గించవచ్చని కొందరు గీస్తారు. నేనైతే తగ్గించను. మొదటి గుంట నిండిపోయి ఎవరూ తీయని ఏడాది తప్పక వస్తుంది. పది మీటర్ల వెడల్పు, ముప్ఫై మీటర్ల పొడవు, 1.3 మీటర్ల లోతు అయితే పది రోజుల నీరు నిలుస్తుంది. మూడోది మీటరు లోతు, 200 చదరపు మీటర్లు, అయిదు రోజులు. గట్లు, దారి కలిపి పాతిక సెంట్లు చూసుకోవాలి. కంకర పోసి మెట్టతామర, జమ్ము పెంచే పద్ధతి అందంగానే ఉంటుంది, కానీ ఈ నీటికి దగ్గర దగ్గర 300 ఘనపు మీటర్ల కంకర కావాలి. యాభై ఇళ్ళ గూడేనికి, బడికి, హాస్టలుకి అది బాగుంటుంది. పంచాయతీ జాగా ఉన్న ఊరికి గుంటలే మేలు.

నీరు వచ్చే పైపు, పోయే పైపు ఎదురెదురు మూలల్లో ఉండాలి, ఒకే వైపు పెడితే కొత్త నీరు అడ్డదారిన బయటపడుతుంది. పోయే పైపుకి టీ తొడిగి అడుగు లోతునించి నీరు తీసుకునేలా చేస్తే పైన తేలే తెట్టు ఆగుతుంది. గట్టు లోపలి వాలు రెండుకి ఒకటి, నీటి మట్టం పైన అరమీటరు గట్టు. ఎర్ర నేలలో అడుగు మందాన చెరువు బంకమన్ను రెండు మూడు పొరలుగా తడిపి దిమ్మిస కొట్టాలి. వేసవిలో చెరువు పూడిక తీసేటప్పుడే ఈ పని పెట్టుకుంటే మన్ను ఉత్తినే వస్తుంది. ఇసుక నేలలో బంక నిలవదు, మందపాటి ప్లాస్టిక్ షీటు పరవాల్సిందే.

నడుస్తోందో లేదో రంగే చెప్తుంది. రెండో గుంట పచ్చగా ఉంటే మంచిదే. బూడిద రంగుకో నలుపుకో తిరిగి కుళ్ళిన గుడ్డు వాసన వస్తే భారం ఎక్కువైంది. గులాబీ, ఊదా రంగు తిరిగినా అదే అర్థం. ముందు మొదటి గుంటలో కర్ర దింపి చూడండి, మూడో వంతు బురద ఉంటే తీయించే వేళయింది. బురద సరిగానే ఉంటే కాలువ వెంట నడిచి ఎవరి పశువుల శాలో, ఏ ట్యాంకు పైపో కొత్తగా కలిసిందేమో వెతకాలి. గుర్రపుడెక్క, నాచు ఆకు నీటిని కప్పేస్తే ఎండ దిగదు, ఆల్గే చస్తుంది, ఆ ఆకుల నీడలో దోమ పెరుగుతుంది. దోమ గుంట మధ్యలో పెద్దగా పెట్టదు, గడ్డి మునిగిన అంచుల్లో పెడుతుంది. అందుకే నీటి అంచు వెంట అడుగు వెడల్పున రాతి పలకలు పరిచి, గడ్డి మొలవనీయకుండా చూడాలి. గంబూసియా చేపలు ఇస్తే మూడో గుంటలో వదలండి, మొదటి దాంట్లో ప్రాణవాయువు ఉండదు కాబట్టి వృథా.

డబ్బు సంగతి. 2020లో మొదలైన స్వచ్ఛ భారత్ గ్రామీణ్ రెండో దశలో ఈ నీటి పనికి 5 వేల జనాభా లోపు ఊళ్ళకి మనిషికి 280 రూపాయలు, పైబడిన వాటికి 660 రూపాయలు లెక్క కట్టారు. అందులో 30 శాతం పంచాయతీకి వచ్చే ఆర్థిక సంఘం నిధుల నించి పెట్టుకోవాలన్నారు. ఆ లెక్కన వెయ్యి మందికి 2 లక్షల 80 వేలు. జల్లెడ, తొట్లు, మట్టి గుంటలకి లాక్కొస్తే సరిపోవచ్చు, కాలువల మరమ్మతుకి మిగలదు. అయిదు వందల గజాల కాలువ కట్టే బదులు పెరడున్న ఇళ్ళకి ఇంకుడు గుంటలు వేయమనడం అందుకే. వారానికోరోజు జల్లెడ, తొట్లు చూసే మనిషి కూలి మాత్రం ఏ పథకంలోనూ రాదు. అది పంచాయతీ బడ్జెట్లో పేరు పెట్టి రాయించుకోవాలి.

మూడో గుంట దాటిన నీరు కొబ్బరికి, అరటికి, నేపియర్ గడ్డికి కాలువ కట్టి పారించుకోవచ్చు. పైనుంచి చల్లకూడదు. తోటకూర, గోంగూర, కొత్తిమీర లాంటి ఆకుకూరలకి, పచ్చిగా తినే వాటికి పెట్టొద్దు. సబ్బు ఉప్పు నేలలో పేరుకుని పైపొర గట్టిపడుతుంది కాబట్టి, ఒకే చేనుకి ఏడాదంతా కాకుండా రెండు మూడు మడులకి మార్చి మార్చి పెట్టాలి. వానలు ఆ ఉప్పుని కడిగేస్తాయి. వేసవిలో మూడో గుంట నించి నీరు కాస్త తగ్గి వస్తే కంగారు అక్కర్లేదు, ఎండకి కొంత పోతుంది. చుక్క కూడా రాకపోతే మాత్రం గట్టు ఎక్కడో కారుతోంది, కిందివైపు పొలాల్లో తడి ఎక్కడుందో వెతకండి.